గంప కాబోయిన ఊరు

సంజీవమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె మొండితనం గురించి చెప్పాలి. ఇంకా పనికొస్తుందనిపించిన వస్తువును పారేయమంటే పారేయదు. సరే అంటుంది, తల ఊపుతుంది, పారేసి వచ్చానని అబద్ధం కూడా చెబుతుంది. ఖాళీ డబ్బా, చినిగిన దుప్పటి, అరిగిపోయిన చీపురు, దేనికైనా ఆమె దగ్గర ఇంకో జన్మ ఉంటుంది. ఈ గుణం వల్ల జీవితంలో లెక్కలేనన్ని చివాట్లు తింది. ఒక్కసారి మాత్రం దీనివల్లే ఒక ఊరు బతికింది. ఆ ఊరు ఆమె పుట్టినదీ కాదు, మెట్టినదీ కాదు. ఆమె దాన్ని కంటితో చూడను కూడా లేదు.

ఆమెది రాయచోటి దగ్గర ఒక చిన్న పల్లె. భర్త గురప్ప బండలు కొట్టేవాడు. ఒకరోజు సమ్మెట జారి కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి సంజీవమ్మ కువైట్ విమానం ఎక్కింది. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. హవల్లీలో ఒక అరబ్బు ఇంట్లో రెండేళ్ళు చాకిరీ చేశాక, అదృష్టం తిరిగి ఫహాహీల్‌లో నార్వే వాళ్ళ ఇంటికి వంటమనిషిగా వచ్చింది. నార్వే ఎక్కడుందమ్మా అని ఎవరైనా అడిగితే, "ఐసుపెట్టె తలుపు తెరిస్తే లోపల ఉండాది" అని ఇప్పటికీ ముఖం నిండా నవ్వుతుంది.

ఆ ఇంటాయన పేరు హాల్వర్. చమురు కంపెనీలో ఇంజనీరు, అరవైకి దగ్గర పడిన మనిషి. ఆయన భార్య సిగ్రిద్‌ను కువైట్ అలవాటు ప్రకారం సంజీవమ్మ 'మామా' అనేది. ఇద్దరూ గట్టిగా ఒక మాట అని ఎరుగరు. చేపలూ ఆలుగడ్డలూ ఉడకబెట్టుకుని, ఉప్పు కూడా లేకుండా తినేవాళ్ళు. సంజీవమ్మ ఆరునెలల్లో వాళ్ళకు చేపల పులుసు మప్పింది. సారు కళ్ళ నీళ్ళు కారుస్తూ తినేవాడు. ఒక్కదానికి మాత్రం మామా ఒప్పుకునేది కాదు. మెంతులు నానబెడితే ఆమెకు కడుపులో తిప్పేది. పోపులో నాలుగు గింజలు వేస్తే సరేగానీ, గిన్నెడు మెంతులు నానేసి రుబ్బే పని మాత్రం ఆ ఇంట్లో నిషేధం.

ఈ మెంతుల సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. కథంతా దానిమీదే నడుస్తుంది.

మా సీమలో ఆడవాళ్ళు పనికిరాని కాగితాలను పారేయరు. వాటిని చింపి రెండు మూడు రోజులు నానబెట్టి, నానిన మెంతులు కలిపి మెత్తగా దంచుతారు. ఆ ముద్దను బోర్లించిన కుండ మీద అరచేత్తో తట్టి ఆరబెడితే గంప తయారవుతుంది. తేలిగ్గా ఉంటుంది, పురుగు ముట్టదు, పదేళ్ళు పనికొస్తుంది. అలాంటి గంప సొంతంగా చేసుకుని ఊరికి తీసుకుపోవాలని సంజీవమ్మ కోరిక. కాగితాలకు కొదవ లేదు. సారు రోజూ సాయంత్రం బల్ల ముందు కూర్చుని ఏదో రాసేవాడు. ముందు నీలం సిరాతో చేత్తో రాసేవాడు, తరువాత మిషన్ మీద టకటకా కొట్టేవాడు. కొట్టడం అవగానే చేత్తో రాసిన కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేసేవాడు. చూస్తే తెల్లగా, మందంగా, పట్టులాంటి కాగితం.

"ఇవి పారేసెయ్, సంజీవా."

"పారేసినా సార్."

ఏం పారేసింది! ఒక్కో ఉండనూ విప్పి, చేత్తో సాపు చేసి, వంటింటి తొట్టికింద బియ్యం సంచిలో దాచింది. నాలుగేళ్ళు ఇదే తంతు. ఎప్పటికప్పుడు గంప చేసేసేదే, మామా ముక్కు అడ్డం వచ్చింది.

"ఏం రాస్తాండారు సార్, ఇంత పొద్దూ?" అని ఒకరోజు అడిగింది.

"మా ఊరు," అన్నాడాయన.

తరువాత ఆమె చేపలు శుభ్రం చేస్తుంటే ఆయన వంటింట్లో ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నాలుగు అరబ్బీ, మిగతాది చేతులతో, ఆ ఊరి కథ చెప్పేవాడు. ఊరి పేరు హెగ్‌దాల్. రెండు కొండల మధ్య లోయ, ఒక ఏరు, ఆరువందల నలభై మంది జనం. కింద ఉన్న పెద్ద ఊరి వాళ్ళు తమకు వంతెన కట్టించలేదని అలిగి, పద్దెనిమిదివందల తొంభైనాలుగులో వేరుపడి సొంత పంచాయితీ పెట్టుకున్నారు. వంతెన వాళ్ళే కట్టుకున్నారు. బడి, మంత్రసాని, మంచు తీసే గుర్రం, అన్నీ సొంతం. డెబ్భై ఏళ్ళు నడిచింది. తరువాత గవర్నమెంటు వాళ్ళు, చిన్నవాటిని పెద్దవాటిలో కలిపెయ్యాలని చట్టం తెచ్చారు. పందొమ్మిదివందల అరవైమూడు చివర్లో పదకొండుమంది సభ్యులు కూర్చుని, ఒక్కొక్కరే చెయ్యెత్తి ఒప్పుకున్నారు. కాఫీ తాగారు, దీపం ఆర్పారు, ఇళ్ళకు పోయారు. కొత్త సంవత్సరం నాటికి హెగ్‌దాల్ పేరు బోర్డు మీద లేదు.

"మాదీ అంతే సార్," అంది సంజీవమ్మ, చేప తోక కోస్తూ. "మునసబు పోయె, కరణం పోయె, తాలూకా పోయె. మా పంచాయితీని తీసకపోయి పక్కూళ్ళో కలిపేసిరి. ఇప్పుడు బియ్యం కార్డుకి రెండు కోసులు నడవాల."

"మరి మీ ఊరి చరిత్ర ఎవరు రాస్తున్నారు?"

"మా ఊరికి చరిత్రేముండాది సార్. నీళ్ళే లేవు."

ఆయన పగలబడి నవ్వాడు. తరువాత చాలాసేపు నవ్వలేదు.

ఆయన చెప్పిన వాటిలో ఆమెకు బాగా పట్టింది ఆయన తల్లి కథ. యుద్ధంలో జర్మనీ సైనికులు ఆ లోయలోకి వచ్చారట. పంచాయితీ రాతపుస్తకం వాళ్ళ చేతికి చిక్కకూడదని, గుమాస్తా భార్య అయిన ఆ తల్లి దాన్ని ఆలుగడ్డల కొట్లో, గడ్డల కింద పాతిపెట్టింది. ఐదేళ్ళు. సైనికులు ఆ గడ్డలే వండించుకుని తిన్నారు, పుస్తకం మాత్రం వాళ్ళకు దొరకలేదు. ఆ ముసలామె ఇంకా బతికే ఉంది, ఎనభై ఆరేళ్ళు. కొడుకు రాస్తున్న పుస్తకం అచ్చులో చూసి పోతానని పట్టుబట్టి కూర్చుంది.

పందొమ్మిదివందల తొంభై జూలై నెలాఖరుకు దొరసానీ దొరా సెలవులకు స్వదేశం బయలుదేరారు. ముందురోజు సాయంత్రం సారు ఆఖరి కాగితం రాశాడు. మధ్యలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. దాన్ని మిషన్ మీద కొట్టి, చేత్తో రాసింది ఉండచుట్టి పడేసి, కొట్టిన కాగితాలన్నీ ఇనుప బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. మొదటి నుంచి ఒకసారి సరిచూసుకోవాలట, అది సెప్టెంబరులో తిరిగొచ్చాక తీరిగ్గా చేస్తాడట. తాళంచెవి సంజీవమ్మ చేతిలో పెట్టాడు.

"ఈ సొరుగులో మా ఊరుంది. జాగ్రత్త."

"నా పానం పోయినా చూసుకుంటా సార్. దిగులు పడొద్దు."

వాళ్ళ కారు వీధి మలుపు తిరిగిందో లేదో సంజీవమ్మ మనసు మెంతుల మీదికి పోయింది. ఇల్లంతా తనది, ముక్కు మూసుకునేవాళ్ళు లేరు. వంటిల్లు కడిగి, దొర బట్టలు ఇస్త్రీ చేసి, పనులన్నీ తెముల్చుకుని, ఆగస్టు ఒకటి సాయంత్రం గిన్నెడు మెంతులు నానేసింది. పొద్దున్నే లేచి సంచిలోని కాగితాలన్నీ చింపి తొట్లో నానబెట్టాలని ముహూర్తం.

పొద్దున లేచేసరికి కువైట్ మీద ఇరాక్ పడింది.

ఇరాక్ వాళ్ళు ఒక్కరోజు ఆలస్యంగా వచ్చుంటే హెగ్‌దాల్ అనే ఊరు ఈపాటికి రాయచోటిలో ఎవరి ఇంట్లోనో చింతపండు మోస్తుండేది. ఆ సంగతి అప్పటికి ఆమెకు తెలియదు. తుపాకుల చప్పుడుకు కిటికీలు అదురుతుంటే మంచం కింద దూరి, అన్నీ మర్చిపోయి దేవుళ్ళందరికీ మొక్కుకుంది. మెంతులు గిన్నెలోనే మొలకెత్తి, తరువాత కుళ్ళిపోయాయి.

పక్కింటి కువైటీల దగ్గర డ్రైవరుగా ఉండే బాబ్జాన్ ఆ రోజుల్లో ఆమెకు పెద్ద దిక్కు. గాలివీడు వాడు, నలభై ఏళ్ళవాడు, నోరు కొంచెం పెద్దది. వాళ్ళ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మొదటి వారంలోనే సౌదీకి పారిపోయాడు. రొట్టెలు ఎక్కడ దొరుకుతున్నాయో, ఏ వీధిలో పోకూడదో రోజూ గోడ మీదినుంచి చెప్పేవాడు.

"అక్కా, ఇంక కువైట్ ల్యా. ఇరాక్‌లో కలిపేసినారంట."

"ఈళ్ళు గూడా చెయ్యెత్తినారా?" అంది సంజీవమ్మ.

బాబ్జాన్‌కు అర్థం కాలేదు.

మూడోవారంలో సైనికులు ఇంటికి వచ్చారు. లారీ పెట్టి టీవీ తీసుకుపోయారు, ఫ్రిజ్ తీసుకుపోయారు, మామా పియానో మీద తట్టి చూసి బరువని వదిలేశారు. తరువాత ఇద్దరు సారు ఇనుప బల్లకు చెరో పక్కా చెయ్యి వేశారు. సొరుగు లాగితే రాలేదు. తాళం పగలగొట్టే ఓపిక లేక బల్లనే ఎత్తి లారీలో పడేశారు. సంజీవమ్మ గోడకు అంటుకుపోయి చూస్తూ నిలబడింది. లారీ పోయింది. సొరుగు తాళంచెవి ఆమె కొంగుముడిలో భద్రంగా ఉంది.

బల్ల ఉన్నచోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. వాటి మధ్య కూర్చుని ఏడ్చింది. సైనికులకు భయపడి ఏడవలేదు. భయం అంతకుముందే అయిపోయింది. "జర్మనీ వాళ్ళొస్తే ఆ ముసలామె ఐదేండ్లు దాచింది. నేను ఇరవై దినాలు దాచలేకపోతిని," అని తలబాదుకుంది. సారుకు ఏ మొహం చూపించాలి? ఆ తల్లి పుస్తకం చూడకుండానే పోతే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది? మాట ఇచ్చి తప్పడం ఆమె ఇంటావంటా లేదు.

సెప్టెంబరు నడిమికి బాబ్జాన్ బస్సు కుదిర్చాడు. బస్రా, బాగ్దాదు దాటి జోర్డాన్ పోతే అక్కడినుంచి మన విమానాలు బొంబాయికి ఎక్కిస్తున్నాయని కబురు. ఒక్కొక్కరికి ఒక సంచి మాత్రమే. సంజీవమ్మ ఇరవై రొట్టెలు కాల్చి, చుట్టడానికి కాగితం కావాలని తొట్టికింద బియ్యం సంచి లాగింది. చేతికొచ్చిన కాగితం విప్పింది. దానిమీద ఒక ఏరు, రెండు కొండలు, ఒక వంతెన.

ఆ బొమ్మ గీస్తున్నప్పుడు ఆమె పక్కనే నిలబడి కాఫీ ఇచ్చింది. ఇన్నాళ్ళూ సొరుగులో ఉన్నదే ఊరనీ, సంచిలోవి వట్టి గంప కాగితాలేననీ అనుకుంది.

సంచి మొత్తం నేలమీద కుమ్మరించింది. ఆమెకు అక్షరాలు రావుగానీ అంకెలు వచ్చు. ప్రతి కాగితం మూలన సారు అంకె వేసేవాడు. పొయ్యి దగ్గర గొంతుకూర్చుని, ఒకటీ రెండూ మూడూ అని ఏరి పేర్చుతూ పోయింది. ఎక్కడైనా ఒకటి తగ్గిందేమో అని ప్రతి పదికీ ఆగి మళ్ళీ లెక్కపెట్టుకుంది. మూడువందల పద్దెనిమిది దగ్గర ఆగింది. అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గలేదు.

"పారేసినా సార్, పారేసినా సార్," అని తనను తానే వెక్కిరించుకుంటూ ఏడుస్తూ నవ్వింది. అంత హాయిగా ఆమె ఎప్పుడూ ఏడవలేదట.

పిల్లల కోసం కొన్న బట్టలూ టేప్‌రికార్డరూ అక్కడే వదిలేసింది. సంచిలో కాగితాలు, రొట్టెలు, నీళ్ళ సీసా, స్టీలు గ్లాసు, రెండు చీరలు. దారిలో కడుపు కదిలితే మింగడానికి పిడికెడు మెంతులు.

"ఈ చెత్తంతా ఏందక్కా? పటాలుండాయి దీంట్లో. జాసూసు, వేగులదానివి అనుకుంటారు. నీతోపాటు మమ్మల్ని గూడా దింపేస్తారు," అని బాబ్జాన్ మొత్తుకున్నాడు.

"నువ్వు నోరు మూసుకోని బస్సెక్కు నాయనా."

బాబ్జాన్ అన్నంతా అయింది. బస్రాకు ముందు కాపలా దగ్గర బస్సు ఆపి అందరి సంచులూ విప్పించారు. మీసాలు సరిగా రాని సైనికుడొకడు కాగితాల కట్ట లాగి, వంతెన పటం బయటికి తీసి, ఆఫీసరుకు చూపించాడు. ఆఫీసరు పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలియని లిపి, కొండలు, వంతెన.

"షునూ హాదా?" ఇదేమిటి అని అడిగాడు.

"జంబీల్," అంది సంజీవమ్మ. గంప అని.

ఆఫీసరు కనుబొమలు ముడిచాడు. కాగితాలు చూపించి గంప అంటుందేమిటి ఈ ఆడది? ఆమెకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. అది ఇక్కడ చాలదని అర్థమైపోయింది. మాటలు చేతగానప్పుడు పని చేసి చూపడమే ఆమెకు తెలిసిన దారి. రోడ్డు పక్కన ఇసుకలో చతికిలబడి గ్లాసు బోర్లించింది. కట్టమీద పైకాగితం తీసింది. అది మూడువందల పద్దెనిమిది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. సారు కళ్ళద్దాలు తుడుచుకున్న కాగితం అదే. పిలగాళ్ళలాంటి మూడువందల పదిహేడు కాగితాల కోసం, కళ్ళు మూసుకుని దాన్ని చించేసింది.

ముక్కల మీద తాగే నీళ్ళు పోసి పిసికింది. నానబెట్టే వ్యవధి లేదు గనక పిడికెడు మెంతులూ నోట్లో వేసుకుని నమిలింది. చేదుకు కళ్ళు తిరిగాయి. నమిలిన ముద్దను కాగితంలో కలిపి, గ్లాసు వీపు మీద తట్టడం మొదలుపెట్టింది. నీలం సిరా వేళ్ళకంతా అంటుకుంది. తడుతూ, తిప్పుతూ, అంచు నున్నగా దిద్దుతూ, పక్కన తుపాకీ ఉందన్న సంగతే మరిచిపోయింది. చూస్తుండగానే చిన్న గిన్నె తయారైంది.

"హిల్బా!" అన్నాడు కుర్ర సైనికుడు, మెంతుల వాసన పట్టి. పడీపడీ నవ్వాడు. ఆఫీసరు పటాన్ని ఆమె ఒడిలోకి విసిరేసి, పిచ్చిదని చెవి దగ్గర వేలు తిప్పి చూపి, బస్సు వైపు చెయ్యి ఊపాడు. "యల్లా!"

బస్సు కదిలాక బాబ్జాన్ ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు. "అక్కా, నీకు దండం. నీ గంపకు గూడా దండం."

తడిగిన్నె గ్లాసుతో సహా ఒళ్ళో పెట్టుకుని ఎడారంతా దాటింది. జోర్డాన్ గుడారాల్లో పదకొండు రోజులు ఉంది. ఎండకు గిన్నె గట్టిపడింది. విమానంలో సీటులో కూర్చోగానే, సంచి కాళ్ళ మధ్య ఇరికించుకుని, బొంబాయి వచ్చేదాకా నిద్రపోయింది. కడప స్టేషన్లో గురప్ప ఎడమచేత్తో సంచి అందుకుని, "ఏం తెచ్చినావే ఇంత బరువు, బంగారమా?" అన్నాడు.

"ఊరు తెచ్చినా," అంది.

ఇంటికి వచ్చిన మూడోరోజే రాయచోటి పోస్టాఫీసు దగ్గర అర్జీలు రాసే అబ్దుల్ ఖుద్దూస్ సాయిబు ముందు కూర్చుంది. నార్వే చిరునామా మామా ఒకప్పుడు ఇచ్చింది, ఆమె పాస్‌పోర్టులోనే దాచుకుంది. ఉన్నదున్నట్టు రాయించింది. కాగితాలు పారేయలేదని, పారేశానని నాలుగేళ్ళు అబద్ధం చెప్పానని, గంప చేసుకోవాలనే దాచానని, బల్ల పోయిందని, ఆఖరి కాగితాన్ని తన చేత్తోనే నాశనం చేశానని. "ఇదంతా ఎందుకమ్మా రాయడం, పోయిందంటే సరిపోదా?" అన్నాడు సాయిబు. "రాయి సామీ. నమిలింది గూడా రాయి," అంది. గిన్నె మాత్రం పంపలేదు. ఎంగిలిది పంపడానికి సిగ్గేసింది.

కట్ట రిజిస్టరు పోస్టులో పోయింది. తరువాత నెలల తరబడి పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే ఆమె చేతిలో పని ఆగిపోయేది. అందిందో లేదో, సారు ఏమనుకున్నాడో, ఆ ముసలామె ఉందో పోయిందో. యుద్ధం అయిపోయింది, కువైట్ మళ్ళీ కువైట్ అయింది, బాబ్జాన్ తిరిగి పోయాడు కూడా. మధ్యలో ఒక బొమ్మ కార్డు వచ్చింది. దానిమీద ఒకే ఇంగ్లీషు మాట. 'అందింది' అని సాయిబు చదివి చెప్పాడు. ఆ రాత్రి గురప్పకు చేపల పులుసు వండిపెట్టింది.

తొంభైరెండు దసరా ముందు పెద్ద పొట్లం వచ్చింది. లోపల నీలం అట్ట పుస్తకం, అట్టమీద ఏరు, కొండలు, వంతెన. పుస్తకంలో ఒక ఉత్తరం. సాయిబు కళ్ళద్దాలు సర్దుకుని తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"సంజీవా, నువ్వు నా మాట విననందుకు నీకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలవు. మెంతుల వాసన పడని నా భార్య ముక్కుకు కూడా మా ఊరు రుణపడింది, ఆ సంగతి ఆమె రోజుకు రెండుసార్లు గుర్తుచేస్తోంది. నువ్వు నమిలిన కాగితం మా పంచాయితీ ఆఖరి సమావేశానిది. పదకొండుమంది చెయ్యెత్తిన రోజుది. మళ్ళీ రాయగలను, గుర్తుంది. కానీ మా అమ్మ రాయనివ్వలేదు. ఆ కాగితం లేదంటే మన ఊరు రద్దయినట్టు రుజువు లేదు, అలాగే వదిలెయ్ అంది. అచ్చులో పుస్తకం చూసుకుంది. మొదట చూసింది ఖాళీగా వదిలిన ఆ పేజీయే."

సంజీవమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పుస్తకం ఇంటికి తెచ్చి పేజీలు తిప్పింది. చీమల బారులాంటి పరాయి అక్షరాలు. అన్నీ దాటుకుంటూ చివరికి వచ్చింది. ఆ పేజీలో మూలన, సారు కాగితం మీద వేసినట్టే, 318 అని అంకె తప్ప ఏమీ లేదు. అంత పుస్తకంలో ఆమె పూర్తిగా చదవగలిగింది అదొక్కటే. రెండుసార్లు చదువుకుంది.

తరువాత లేచి, అటక మీది గిన్నె దించింది. నీలం మరకలతో, ఇంకా మెంతుల వాసనతో ఉంది. అందులోని పసుపు కొమ్ములు చేటలో పోసి, గిన్నెను దులిపి, ఆ ఖాళీ పేజీ మీద పెట్టింది.